దీపముండగానే మేత
సముద్రపు పంజరాల్లో చేపల పెంపకం – ఎండ, గాలి, అలల సాయం
(ప్రసంగ పాఠం)



“అడగనిదే అమ్మయినా పెట్టదు” అన్నది తెలుగు ఇంటి మాట. ఆకలిగొన్న బిడ్డ అడుగుతుంది, తల్లి పెడుతుంది. నీటి అడుగున ఉన్న చేపకు ఆ వీలు లేదు. దానికి ఎప్పుడు ఆకలి వేసిందో, ఎప్పుడు తీరిందో పైన నిలుచున్న మనిషి కనిపెట్టి తెలుసుకోవలసిందే. చేపల పెంపకమనే వృత్తిలో నేర్పంతా ఒక విధంగా ఈ కనిపెట్టడంలోనే ఉంది.

కొల్లేటి పరిసరాల్లోనూ, కృష్ణా గోదావరి మండలాల చెరువుల్లోనూ బొచ్చె, శీలావతి పెంచే రైతులు దీనికి ఏనాడో ఒక ఉపాయం కనిపెట్టారు. తవుడూ చెక్కా కలిపిన మేతను సంచులకెత్తి, సంచి అడుగుభాగాన చిల్లులు పెట్టి, చెరువులో పాతిన గెడలకు కడతారు. ఆకలిగొన్న చేప వచ్చి సంచిని పొడుస్తుంది. చిల్లులోంచి మేత రాలుతుంది. కడుపు నిండిన చేప తన దారిన పోతుంది. సంచిలో మిగిలినదాన్ని చూసుకుని రైతు మరునాటి మేత నిర్ణయించుకుంటాడు. రొయ్యల చెరువుల్లో చెక్ ట్రే చేసే పనీ ఇదే. ఇందులో మోటారు లేదు, డీజిలు లేదు. పడవ మీద తిరిగే మనిషి రెక్కల కష్టం, అతని కంటి చూపు, ఈ రెండే ఉన్నాయి.

అదే పెంపకం చెరువు దాటి సముద్రంలోకి వెళ్ళినప్పుడు కథ మారుతుంది. అక్కడ గెడ పాతడానికి నేల అందదు. సంచి కడితే అలలు దాన్ని ఉంచనివ్వవు. మనిషి రోజూ పడవ వేసుకుని వెళ్ళాలంటే గాలీవానా ఒప్పుకోవాలి. అందుచేత సముద్రంలో చేపలకు మేత వేయడమన్నది యంత్రాల పని అయింది. యంత్రానికి శక్తి కావాలి. ఆ శక్తి ఎక్కడి నుంచి రావాలి, దాన్ని దేనికి ఖర్చు చేయాలి అన్నదే నేటి ప్రసంగ విషయం.

ఈ విషయంలో ముందుగా చూడవలసిన దేశం నార్వే. 1970లో ఆ దేశపు పశ్చిమ తీరాన హిత్రా ద్వీపం దగ్గర ఇద్దరు అన్నదమ్ములు సముద్రంలో తేలే పంజరంలో సాల్మన్ చేపలను పెంచి చూశారు. ఆ ప్రయత్నం ఫలించింది. నేడు ఆ దేశం ఏటా దాదాపు 15 లక్షల టన్నుల సాల్మన్‌ను పండిస్తున్నది. పంజరమంటే ఇనుప ఊచల బోను కాదు. నీటి మీద తేలే పెద్ద ప్లాస్టిక్ వలయం, దానికి వేలాడే లోతైన వల, ఆ వలను అడుగున పట్టి ఉంచే బరువులు, మొత్తాన్ని కదలకుండా నిలిపే లంగర్లు. అటువంటివి ఆరో, ఎనిమిదో, పన్నెండో ఒకచోట వరుసగా ఉంటాయి. వాటి పక్కన ఒక బార్జి తేలుతూ ఉంటుంది. దూరం నుంచి చూస్తే అది నీళ్ళ మీద కట్టిన మేడలా కనిపిస్తుంది. నిజానికి అది చేపల వంటిల్లు. దాని గోదాముల్లో వందల టన్నుల గుళికల మేత నిల్వ ఉంటుంది. ఒక్కొక్క పంజరానికి ఒక్కొక్క గొట్టం చొప్పున బార్జి నుంచి నీటి మీదుగా పరుచుకుని ఉంటుంది. బ్లోయర్ అనే యంత్రం బలంగా గాలి ఊదుతుంది. ఆ గాలిలో మేత గుళికలు కొన్ని వందల మీటర్లు కొట్టుకుపోయి పంజరం మధ్యన చక్రంలా తిరిగే గొట్టం చివర నుంచి నలుదిక్కులా చిమ్ముతాయి.

చూడడానికి ముచ్చటైన ఏర్పాటే. కాని గాలితో గింజను తోయడం శక్తిని విపరీతంగా తినే పని. ఒక్కొక్క బ్లోయర్‌కు పదుల కిలోవాట్లు కావాలి. నాలుగైదు ఒకేసారి పనిచేస్తే ఒక చిన్న కర్మాగారానికి పట్టేంత విద్యుత్తు అవుతుంది. తీరానికి దూరంగా ఉన్న బార్జి మీద ఆ విద్యుత్తును చాలాకాలం డీజిలు జనరేటర్లే ఇచ్చాయి. నేటికీ చాలాచోట్ల అవే ఇస్తున్నాయి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. సాల్మన్ కంటితో చూసి మేతను పట్టుకునే చేప. కాబట్టి మేత ముఖ్యంగా పగటిపూటే వేస్తారు. పగలు బ్లోయర్లు తిరిగేటప్పుడు జనరేటర్ మీద పూర్తి భారం పడుతుంది. రాత్రివేళ బార్జి మీద నాలుగు దీపాలు, ఒక కంప్యూటరు, గదిని వెచ్చబెట్టే పరికరం తప్ప వేరే పని ఉండదు. అయినా జనరేటర్ తిరుగుతూనే ఉండాలి. పెద్ద జనరేటర్‌ను చిన్న భారం మీద తిప్పడమంటే ఒక్కరిని ఎక్కించుకుని బస్సు నడపడం వంటిది. నూనె కాలుతుంది, యంత్రం మసి పట్టి పాడవుతుంది, ఆ మోతకు పనివారికి నిద్ర ఉండదు.

ఈ చిక్కుకు మొదటి మందు సౌర ఫలకమూ కాదు, గాలిమరా కాదు. ఒక బ్యాటరీ. జనరేటర్‌ను రోజులో కొన్ని గంటలు మాత్రమే దానికి తగిన పూర్తి భారం మీద తిప్పి, మిగిలిన శక్తిని బ్యాటరీలో దాచి, రాత్రంతా యంత్రాన్ని ఆపివేస్తారు. నార్వే, స్కాట్లండ్ తీరాల్లో ఈ పద్ధతి బాగా వ్యాపించింది. దీనివల్ల డీజిలు గణనీయంగా తగ్గుతుంది. అంతకంటే ముఖ్యంగా మరొక మేలు జరుగుతుంది. బ్యాటరీ ఒకసారి వచ్చి కూర్చున్నాక ఎండ నుంచి వచ్చిన శక్తినీ, గాలి నుంచి వచ్చిన శక్తినీ చేర్చుకోవడానికి ఒక పాత్ర సిద్ధమైనట్టే. పాత్ర లేనిదే పాలు పిదికి ప్రయోజనం లేదు కదా.

రెండవ మందు తీరం నుంచి తీగ. నార్వేలో విద్యుత్తులో నూటికి తొంభై వంతుల దాకా జలవిద్యుత్తే. కాబట్టి ఒడ్డుకు దగ్గరగా ఉన్న బార్జులకు సముద్రం అడుగునుంచి కేబులు వేసి ఆ విద్యుత్తునే అందిస్తున్నారు. అయితే పంజరాలు రానురాను లోతైన సముద్రంలోకి జరుగుతున్నాయి. 2017లో నార్వే మధ్య తీరాన నిలిపిన ‘ఓషన్ ఫార్మ్ 1’ అనే ఉక్కు కట్టడం వ్యాసం 110 మీటర్లు. లోతైన నీటిలో, బలమైన ప్రవాహాల మధ్య లక్షలాది చేపలను పెంచడానికి దాన్ని నిర్మించారు. ఇలా దూరం పోయినకొద్దీ కేబులు పొడవు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది, తెగే భయమూ పెరుగుతుంది. అప్పుడు ఉన్నచోటనే శక్తి పుట్టించుకోవడం తప్పనిసరి అవుతుంది.

మూడవ మందు అన్నిటికంటే సులువైనది, అన్నిటికంటే ఆలస్యంగా తోచినది. గాలితో తోసే బదులు నీటితో తోయడం! మేత గుళికలను గొట్టంలో నీటితో కలిపి పంపితే, గాలితో ఊదడానికి పట్టే శక్తిలో కొద్ది భాగమే సరిపోతుంది. గుళికలు ఒకదానికొకటి రాసుకుని పొడి కావడం కూడా తగ్గుతుంది. ఇంకొక లాభం ఉంది. మేతను నీటి ఉపరితలం మీద చిమ్మకుండా కొన్ని మీటర్ల లోతున వదలవచ్చు. సాల్మన్‌ను పీడించే సముద్రపు పేను పిల్లలు ఎక్కువగా పై నీటిలోనే తిరుగుతుంటాయి. మేత లోతున దొరికితే చేప పైకి రావలసిన అవసరం తగ్గుతుంది. శక్తి ఆదా కోసం మొదలుపెట్టిన పని చేప ఆరోగ్యానికీ పనికివచ్చిందన్నమాట. శక్తిని పుట్టించే ముందు దాని అవసరాన్ని తగ్గించుకోవాలన్నది ఇందులోని పాఠం. ఇల్లు గడపడం తెలిసిన ఏ గృహిణికీ ఈ పాఠం కొత్తది కాదు.

ఇక ఎండ, గాలి, అలల సంగతి. 2010 దశకంలో స్కాట్లండ్ పశ్చిమాన మక్ అనే చిన్న ద్వీపం దగ్గర ఒక సాల్మన్ క్షేత్రం వద్ద అలల కదలిక నుంచి విద్యుత్తు తీసే యంత్రాల వరుసను తేల్చి పరీక్షించారు. 2019లో చైనా దక్షిణ తీరాన జూహై దగ్గర ‘పెంగ్‌హూ’ అనే తేలే కట్టడం నీటిలోకి దిగింది. పొడవు 66 మీటర్లు, వెడల్పు 28 మీటర్లు, లోపల చేపలకు 15 వేల ఘనపు మీటర్ల నీరు. ఆ కట్టడమే అలల నుంచీ ఎండ నుంచీ విద్యుత్తు తీసుకుని, మేత వేసే యంత్రాలనూ, కెమెరాలనూ, పనివారి గదులనూ నడుపుకునేలా దాన్ని రూపొందించారు.

భారతదేశానికి ఈ విద్య కొత్తది కాదు. 1991లోనే కేరళలోని విళింజం రేవు దగ్గర మద్రాసు ఐఐటీ శాస్త్రజ్ఞుల కృషితో 150 కిలోవాట్ల సామర్థ్యం గల అలల విద్యుత్ కేంద్రం పనిచేయడం ప్రారంభించింది. 2022 నవంబరులో అదే సంస్థ తూత్తుకుడి తీరానికి ఆరు కిలోమీటర్ల దూరంలో, దాదాపు 20 మీటర్ల లోతు నీటిలో ‘సింధుజ-1’ అనే తేలే యంత్రాన్ని పరీక్షించింది. దాని నుంచి వచ్చిన విద్యుత్తు 100 వాట్లు.

నూరు వాట్లా అని ఎవరికైనా నవ్వు రావచ్చు. పాతకాలపు గుండ్రటి బల్బు ఒకటి వెలగడానికి పట్టే శక్తి అది. బ్లోయర్ తిప్పడానికి అది ఏ మూలకూ రాదు. నిజమే. కాని మేత వేయడంలో రెండు పనులు ఉన్నాయని గుర్తుంచుకోవాలి. ఒకటి చేతి పని, మేతను విసరడం. రెండవది కంటి పని, చేప తింటున్నదా లేదా అని చూడడం. చేతి పనికి కిలోవాట్లు కావాలి. కంటి పనికి నూరు వాట్లు చాలు. నీటిలో ఒక కెమెరా, ప్రాణవాయువునూ ఉష్ణోగ్రతనూ కొలిచే రెండు పరికరాలు, ఆ సమాచారాన్ని ఒడ్డుకు చేరవేసే చిన్న ప్రసార యంత్రం, వీటన్నిటికీ అంతకు మించి పట్టదు. ఈ ప్రసంగంలో గుర్తుంచుకోవలసిన మాట ఒక్కటే అయితే అది ఇదే: ప్రకృతి ఇచ్చే శక్తి మొదట కంటికి చేరాలి, ఆ తరువాత చేతికి.

ఎందుకో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. మన తీరంలో పెట్టదగిన ఒక పంజరంలో 3,000 కిలోల చేప ఉన్నదనుకోండి. ఒంటి బరువులో నూటికి మూడు వంతుల మేత అనుకుంటే రోజుకు 90 కిలోలు. అందులో పదోవంతు చేప నోటికి అందక అడుక్కు జారిపోయిందనుకుంటే 9 కిలోలు వృథా. కిలో మేత నూరు రూపాయలనుకుంటే రోజుకు 900 రూపాయలు సముద్రం పాలైనట్టు. ఇప్పుడు అదే పంజరం దగ్గర ఒక కిలోవాటు సౌర ఫలకాలు పెట్టి డీజిలు ఆదా చేశామనుకోండి. మంచి ఎండలో అవి రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయి. చిన్న జనరేటర్ లీటరు డీజిలుకు మూడు యూనిట్లు ఇస్తుందనుకుంటే, మిగిలేది లీటరున్నర కంటే తక్కువ డీజిలు. లీటరు నూరు రూపాయల చొప్పున చూసినా 130 రూపాయల చిల్లర. అదే నాలుగు యూనిట్లను కెమెరాకూ కొలత పరికరాలకూ ఇచ్చి, చేప తినడం మానగానే మేత ఆపగలిగితే, ఆ తొమ్మిది కిలోల్లో సగం మిగిలినా 450 రూపాయలు. ఇవి ఊహించి వేసిన అంకెలే. ధరలు మారితే మొత్తాలు మారుతాయి. కాని తక్కెడ ఎటు మొగ్గుతుందో మాత్రం మారదు. పెంపకంలో ఖర్చులో సగం దాకా మేతదే. ఒక కిలో సాల్మన్ పెరగడానికి దాదాపు 1.2 కిలోల మేత పడుతుంది. అందులో ఒక్క పిడికెడు మిగిల్చినా అది డీజిలు మిగిల్చిన దానికంటే ఎక్కువ.

వృథా అయిన మేత డబ్బుతో పోయేది కాదు. అడుక్కు చేరి కుళ్ళుతుంది. కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. పంజరం కింద నేల నల్లబడి అక్కడి జీవరాశి నశిస్తుంది. అది ఒకరి సొంత చెరువు కాదు, నలుగురి సముద్రం. చేపకు మేత వేసిన వెంటనే దానికి ఊపిరి అవసరం పెరుగుతుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గిన వేళ మేత వేస్తే, పెట్టిన మేతే ప్రాణం మీదికి తెస్తుంది. రొయ్యల చెరువు గట్టున తెల్లవారుజామున ఏరేటర్ ఆగిపోయి గుండె చేతపట్టుకుని కూర్చున్న వారి బంధువులు ఈ సభలోనూ ఉండవచ్చు. వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక సందేహం సహజం. ఎండ రాత్రి ఉండదు, గాలి రోజూ వీచదు, అల ఎప్పుడూ ఒక్కలా ఉండదు. ఇంత నిలకడ లేని శక్తిని నమ్ముకుని ప్రాణులకు తిండి ఎలా పెడతారు? దీనికి సమాధానం తెలుగు సామెతల్లోనే ఉంది. “దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి” అన్నారు పెద్దలు. “గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలి” అన్నాడు రైతు. శక్తి ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరకాలనుకోవడం డీజిలు వచ్చిన తరువాతి అలవాటు. శక్తి దొరికినప్పుడు పని జరుపుకోవడం అంతకు ముందున్న తెలివి.

మేత విషయంలో ఈ తెలివి చక్కగా అమరుతుంది. చేప శరీరపు వేడి దాని చుట్టూ ఉన్న నీటిదే. నీరు వెచ్చబడితే దానికి ఆకలి పెరుగుతుంది, చల్లబడితే మందగిస్తుంది. నార్వే తీరంలో వేసవి పగళ్ళు అతి దీర్ఘమైనవి. సౌరశక్తి ఎక్కువగా దొరికేదీ అప్పుడే, సాల్మన్ ఎక్కువగా తినేదీ ఆ కాలంలోనే. చలికాలంలో ఎండ కరువైనప్పుడు మేతా తగ్గుతుంది. రోజులో కూడా అంతే. మబ్బు తొలగిన వేళ యంత్రం మేత వేగం పెంచవచ్చు, మబ్బు కమ్మితే తగ్గించవచ్చు. ఒక గంట ఆలస్యమైతే చేపకు నష్టం లేదు. ఆసుపత్రి దీపానికి ఆ వెసులుబాటు ఉండదు, మేత యంత్రానికి ఉంటుంది. అందుకే ప్రకృతి శక్తితో నడపడానికి మేత పని తగినది.

అయినా లోటుపాట్లు చెప్పకుండా దాటవేయడం ధర్మం కాదు. చలికాలపు రాత్రులలో సాల్మన్ ముందుగానే ఈడేరకుండా నీటిలో దీపాలు వెలిగిస్తారు. శక్తి అవసరం అప్పుడు పెరుగుతుంది, ఎండ అప్పుడే ఉండదు. ఫలకాల మీద ఉప్పు పేరుకుంటుంది, పక్షుల రెట్ట పడుతుంది. నీటిలో ఉన్న ప్రతి వస్తువుకూ నాచూ గవ్వ పురుగులూ పట్టుకుంటాయి. కెమెరా కన్ను వారం తుడవకపోతే గుడ్డిదవుతుంది. ఉప్పుగాలికి తీగల కీళ్ళు తుప్పుపడతాయి. సముద్రం మీద యంత్రం పెట్టడం ఒక ఎత్తు, దాన్ని నిలుపుకోవడం పది ఎత్తులు. మరొక మాట. బార్జి మీద నాలుగు ఫలకాలు బిగించినంత మాత్రాన ఆ చేప పర్యావరణానికి మేలు చేసిందని చాటుకోవడం సరికాదు. మాంసాహార చేపకు వేసే గుళికల్లో చేపపొడి ఉంటుంది, సోయా ఉంటుంది. ఆ చేప ఎక్కడ పట్టినది, ఆ సోయా ఏ నేల మీద పండింది అన్న ప్రశ్న ఫలకం నీడలో దాగేది కాదు.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. 2007లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విశాఖపట్నం దగ్గర బంగాళాఖాతంలో 15 మీటర్ల వ్యాసం గల పంజరాన్ని దించింది. దేశంలో బహిరంగ సముద్రంలో పంజరాల పెంపకానికి అది నాంది. అందులో పెంచినది పండుగప్ప. తమిళ సోదరులు దాన్నే కొడువా అంటారు, ఒడియావారు భేక్తి అంటారు, కొంకణ తీరాన జితాడా అంటారు. పేర్లు నాలుగైనా చేప ఒక్కటే. ఆ చేపను హేచరీలో పొదిగించి పిల్లలు తీసే విద్యను 1997లో సాధించినది ఈ చెన్నపట్నంలోనే ఉన్న కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ. పళ్ళికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ అలల తాకిడికి నిలిచే పంజరాలను రూపొందించి రామనాథపురం తీరాన ఒలైకుడాలోనూ, నెల్లూరు తీరాన కొత్తసత్రంలోనూ, అండమాన్‌లోనూ పరీక్షించింది. చేపపిల్ల, పంజరం, అలల విద్యుత్తు – ఈ మూడు విద్యలూ ఒకే నగరంలో ఉన్నాయన్నది ఇక్కడి పౌరులు గుర్తించదగిన సంగతి.

కాని నార్వే నమూనాను ఉన్నదున్నట్టు ఎత్తి ఇక్కడ దించితే పనికిరాదు. ఇక్కడి పంజరాలు చిన్నవి. చాలాచోట్ల ధర పలకని చిన్న చేపను తరిగి చేత్తోనే వేస్తారు. ఆ మేతకు బ్లోయరూ గొట్టమూ అక్కరలేదు. గుళికల మేతకు మారినప్పుడు కూడా వందల టన్నుల బార్జి అవసరం రాదు. పంజరం పక్కన తేలే ఒక పెద్ద పీపా, దాని కింద మర తిప్పే చిన్న మోటారు, పైన రెండు మూడు ఫలకాలు, నీరు చొరని పెట్టెలో బ్యాటరీ, నీటిలో కెమెరా చాలు. రోజుకు రెండు యూనిట్లు పట్టే ఏర్పాటుకు ఆరు యూనిట్లు దాచగల బ్యాటరీ ఉంటే మూడు రోజుల మబ్బును తట్టుకోవచ్చు. ఐప్పసి, కార్తిగ నెలల వానల్లో చెన్నపట్నంలో బట్టలు ఆరని రోజులు ఎన్నో అందరికీ తెలుసు కాబట్టి ఆ మూడు రోజుల లెక్క తప్పనిసరి. ఇక తుపాను వేళ మేత ప్రశ్నే రాదు. ఉధృతమైన సముద్రంలో చేపకు మేత ఆపివేయడమే మంచిది. అప్పుడు చూడవలసింది లంగరు, వల. ఆ కొద్దిరోజులు పస్తున్నా చేప తట్టుకుంటుంది.

చివరగా మనుషుల మాట. తెలుగు మత్స్యకారులు తెలుగు నేలకే పరిమితమైనవారు కారు. పూరీ తీరాన పెంటకటా బస్తీలో తరాలుగా ఉన్నవారు తెలుగువారే. యానాం గోదావరి పాయల్లో వల వేసేవారు తెలుగువారే. శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి గుజరాత్‌లోని వేరావల్ దాకా పడవ పనికి వలసపోయేవారు ఉన్నారు. కాసిమేడు రేవులో తెలుగు మాట వినని రోజు ఉండదు. సముద్రంలో పంజరాలు వచ్చినప్పుడు ఈ కుటుంబాలకు ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. నార్వేలో ఇవాళ ఒడ్డున ఒక గదిలో తెరల ముందు కూర్చున్న కొందరు ఉద్యోగులు ఎన్నో మైళ్ళ దూరంలో ఉన్న పంజరాలకు మేత వేస్తున్నారు. అదే పద్ధతి ఇక్కడికీ రావచ్చు. ఆ తెర ముందు కూర్చునేది ఎవరు? సముద్రమంటే ఎరుగని వారా, నీటి మెరుపును చూసి చేపల గుంపును పోల్చుకోగల ఇంట పుట్టి, ఐటీఐలో విద్యుత్తు పని నేర్చుకున్న పిల్లా?

ఆ పిల్లకు ఉన్న చూపు ఏ కెమెరాకూ లేదు. మేత పడగానే నీరు ఎలా ఉడుకెత్తినట్టు కదులుతుందో, ఆకలి తీరగానే ఆ కదలిక ఎలా పలచబడుతుందో ఆమె తాత చేత్తో మేత వేస్తూ కనిపెట్టాడు. యంత్రం నేడు అంకెల్లో నేర్చుకుంటున్నది ఆ విద్యనే. కాబట్టి ఫలకం తుడవడానికీ, తీగ బిగించడానికీ, తెర చదవడానికీ తీర కుటుంబాల వారికి శిక్షణ ఇవ్వడం దానధర్మం కాదు, పని సవ్యంగా సాగడానికి కావలసిన మొదటి ఏర్పాటు.

ఒక తీరంలో పంజరాల పథకం వస్తుందని తెలిసినప్పుడు పౌరులు అడగదగిన ప్రశ్నలు ఇవి. ఆ నీటిమీద ఇంతకాలం వల వేసినవారికి దారి ఉంటుందా? మేత ఎంత వేస్తున్నారో, ఎంత వృథా పోతున్నదో లెక్క చూపుతారా? పంజరం కింద నేలను ఏటా పరీక్షిస్తారా? జనరేటర్ రాత్రంతా తిరుగుతుందా, బ్యాటరీ ఉందా? యంత్రాన్ని నిలిపే పని ఎవరికి నేర్పుతున్నారు? ఈ ప్రశ్నలు వార్డు సమావేశంలో ఏ భాషలో అడిగినా చెల్లుతాయి. అడగనిదే అమ్మయినా పెట్టదన్న మాట చేపకు వర్తించకపోవచ్చు, పౌరులకు మాత్రం తప్పక వర్తిస్తుంది.

ఎండ ఎవరి సొత్తూ కాదు, గాలి ఎవరి సొత్తూ కాదు, అలా అంతే. వాటితో పండిన పంట కూడా పదిమందికి అందేలా చూసుకోవడం మనుషుల చేతిలో ఉన్న పని. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. ఇల్లు చక్కబెట్టుకోవడానికి ఇది తగిన సమయం.